పాలు వెళ్లినంత దూరం: విస్కాన్సిన్‌లో ఒక స్విస్ ఊరి పుట్టుక, ఎదుగుదల

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో పాడికి పేరుపడ్డ న్యూ గ్లారస్ ఊరి చరిత్ర చెప్పాలంటే అద్దకం గుడ్డ దగ్గర మొదలుపెట్టాలి. పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల్లో కోరమండల్ తీరం నుంచి, అందులో మన మచిలీపట్నం రేవు నుంచి కూడా, ఓడలెక్కిన రంగుల నూలుబట్ట యూరప్ జనానికి తెగ నచ్చింది. ఫ్రెంచివాళ్లు దానికి 'ఇండియెన్' అని పేరు పెట్టుకున్నారు. కొన్నాళ్లు కొనుక్కున్నాక, అలాంటి బట్టను యూరప్‌లోనే అద్దడం నేర్చుకున్నారు. ఆ పని 1740లో స్విట్జర్లాండ్‌లోని గ్లారస్ అనే కొండ ప్రాంతానికి చేరింది. యోహాన్ హైన్రిష్ స్ట్రైఫ్ అనే ఆయన అక్కడ మొదటి అద్దకం కార్ఖానా పెట్టాడు. ఆ తర్వాత వందేళ్లలో చుట్టూ నిటారు కొండలున్న ఆ ఇరుకు లోయ వడుకు, నేత, అద్దకం మీద బతికే చోటుగా మారిపోయింది.

ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. 1845లో గ్లారస్ నుంచి అమెరికాకు వలస వెళ్లినవాళ్లు అనగానే మెడలో గంట కట్టిన ఆవులు, కొండల మీద పచ్చిక కళ్లముందుకొస్తాయి. ఊరి గురించి టూరిస్టుల కోసం వేసే బొమ్మల్లోనూ అవే ఉంటాయి. నిజానికి వెళ్లినవాళ్లలో చాలామంది నూలు పనివాళ్లు, చేతివృత్తులవాళ్లు, ఉండీ లేనంత పొలం ఉన్నవాళ్లు. యంత్రం వచ్చి ముందు చేతి వడుకును మింగేసింది. తర్వాత మరమగ్గం చేతి నేత జోలికి వచ్చింది. జనం పెరుగుతున్నారు గానీ లోయ వెడల్పు పెరగదు. ఊరి ఉమ్మడి భూమిని పంచగా పంచగా ఒక్కో ఇంటికి మిగిలేది ఆలుగడ్డలు వేసుకునే చిన్న చెక్క. 1840ల నాటికి పేదలను పోషించే భారం ఊళ్ల మీద పడింది. కొందరిని సముద్రం దాటించడమే దారి అని అక్కడి పెద్దలకు తోచింది.

ఎవరి దారిన వాళ్లు మూటాముల్లె సర్దుకుని బయల్దేరిన వలస కాదిది. గ్లారస్‌లో ఇందుకోసం ఒక వలస సంఘం ఏర్పడింది. ఊళ్లు తలా కొంత డబ్బు వేసుకున్నాయి. ముందు ఇద్దరు మనుషులు వెళ్లి నేల చూసి కొనాలి, వెనక జనం రావాలి, వచ్చిన ఒక్కో కుటుంబానికి 20 ఎకరాలు ఇవ్వాలి, గుడి, బడి ఉండాలి అని పథకం వేసుకున్నారు. పంపించడంలో ప్రేమ ఎంత ఉందో, భారం దించుకోవాలన్న ఆరాటం కూడా అంతే ఉంది. అయినా దిక్కులేకుండా వదిలేయకుండా కాగితం మీద లెక్క రాసి పంపారు. ఆ లెక్కే తర్వాత ఊరి ఆకారాన్ని నిర్ణయించింది.

నేల చూసే పని న్యాయమూర్తి నికలాస్ డ్యూర్స్ట్, ఫ్రిడోలిన్ స్ట్రైఫ్ అనే ఇద్దరికి అప్పగించారు. (స్ట్రైఫ్ అనేది గ్లారస్‌లో బాగా వినిపించే ఇంటిపేరు.) వీళ్లు 1845 మార్చిలో బయల్దేరారు. మిడ్‌వెస్ట్ అనే అమెరికా ఉత్తర మధ్య ప్రాంతంలో చాలా చోట్లు తిరిగి చూసి, చివరికి విస్కాన్సిన్ దక్షిణాన గ్రీన్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) లిటిల్ షుగర్ అనే చిన్న నది దగ్గర ఆగారు. అక్కడ 1,280 ఎకరాలు కొన్నారు. అందులో 1,200 ఎకరాలు సాగుకు, 80 ఎకరాలు కలప కోసం అడవి. అప్పట్లో సర్కారు భూమి ధర ఎకరాకు డాలరు పావు. ఆ లెక్కన మొత్తం 1,600 డాలర్లు. 1,200 ఎకరాలను 20 చొప్పున పంచితే 60 కుటుంబాలు. ఊరు పుట్టకముందే దాని జనాభా లెక్క తేలిపోయింది.

ఇక్కడ ఆ నేల ఎవరిది అన్న ప్రశ్న వస్తుంది. కొన్నది అమెరికా సర్కారు దగ్గర. సర్కారుకు అది ఎలా వచ్చిందన్నది న్యూ గ్లారస్ గురించి ఉత్సాహంగా రాసేవాళ్లు తరచూ దాటేసే విషయం. దక్షిణ విస్కాన్సిన్ హో-చంక్ అనే మూలవాసుల నేల. 1820లలో సీసం గనుల కోసం తెల్లవాళ్లు గుంపులుగా చొరబడ్డారు. ఘర్షణలు జరిగాయి. 1829లో, 1832లో, 1837లో ఒకదాని వెనక ఒకటిగా ఒప్పందాలు రాయించుకుని వాళ్లను మిస్సిసిప్పీ నది అవతలికి నెట్టారు. 1832లోనే ఈ ప్రాంతాల మీదుగా బ్లాక్ హాక్ యుద్ధం సాగింది. సాక్ అనే మరో మూలవాసుల తెగ నాయకుడు బ్లాక్ హాక్ వెంట ఉన్న ఆడవాళ్లు, పిల్లలతో సహా వందల మంది అందులో చనిపోయారు. స్విస్ జనం రావడానికి ఇంకా పదమూడేళ్లే ఉంది. హో-చంక్‌లు మాత్రం ఎన్నిసార్లు తరిమినా తిరిగి వచ్చారు, ఈరోజుకీ విస్కాన్సిన్‌లో ఉన్నారు. పొట్టకూటికి నేల లేక వచ్చినవాళ్లకు ఆ నేల దొరికింది, ఇంకొకరి కాళ్ల కింద నుంచి దాన్ని లాగేయడం వల్ల. ఈ రెండూ ఒకే కథలో భాగాలు.

భూమి సర్కారు చేతికి వచ్చాక దాన్ని గళ్లగళ్లుగా గీశారు. 1785 నాటి చట్టం ప్రకారం ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పు గల చదరాన్ని టౌన్‌షిప్ అంటారు. దాన్ని 36 సెక్షన్లు చేస్తే ఒక్కోటి 640 ఎకరాలు. కొండా, వాగూ, చెరువూ ఈ గీతలకు పట్టవు. న్యూ గ్లారస్ వాళ్లు కొన్నది సరిగ్గా రెండు సెక్షన్లంత నేల. మన దగ్గర ఊళ్లు చెరువు చూసుకునో, గుడి చూసుకునో పెరిగాయి. మిడ్‌వెస్ట్‌లో ముందు గీత, తర్వాత ఊరు.

వెనక బయల్దేరిన జనం 193 మంది. 1845 ఏప్రిల్ 16న లింత్ కాలువ ఒడ్డున పడవలెక్కారు. రైన్ నది మీదుగా హాలండ్ చేరి, అక్కడ 'సూపర్బ్' అనే ఓడ ఎక్కారు. 49 రోజులు సముద్రం మీద గడిపి జూన్ 30న బాల్టిమోర్‌లో దిగారు. అక్కడి నుంచి పిట్స్‌బర్గ్, ఆపై ఒహాయో నది మీద స్టీమరులో సెయింట్ లూయిస్. దారి పొడుగునా కొందరు చనిపోయారు, కొందరు మనసు మార్చుకుని ఆగిపోయారు. మథియాస్ డ్యూర్స్ట్ అనే ఆయన దారిలో రాసుకున్న డైరీ వల్ల ఈ ప్రయాణం గురించి ఇంత వివరంగా తెలిసింది. సెయింట్ లూయిస్ చేరేసరికి నేల కొనడానికి వెళ్లినవాళ్ల నుంచి ఏ కబురూ లేదు. భాష రాదు, చేతిలో డబ్బు కరిగిపోతోంది, ఎండ మండిపోతోంది. వాళ్లను వెతకడానికి తమలో ఇద్దరిని పంపారు. నేల కొన్నవాళ్లు ఉత్తరాన విస్కాన్సిన్‌లో ఉన్నట్టు తెలిశాక మళ్లీ స్టీమరెక్కి గలీనా చేరి, అక్కడి నుంచి నడక పట్టారు. ఆగస్టు 15న తమ నేల మీద అడుగుపెట్టినవాళ్లు 108 మంది. బయల్దేరినవాళ్లలో సగం కన్నా కొంచెం ఎక్కువ.

వచ్చేది చలికాలం. ఉమ్మడిగా ఒక పెద్ద కొట్టం వేసుకుని, తర్వాత ఒక్కో గుడిసె కట్టుకున్నారు. నేలను చీటీలు వేసి పంచుకున్నారు. నది దగ్గరి చెక్క ఎవరికి, రాళ్ల గట్టు ఎవరికి అన్నది చీటీయే తేల్చింది. ఒకరి మీద ఒకరికి మనసులో ఏమీ మిగలకుండా ఉండాలంటే అంతకన్నా మంచి పద్ధతి ఉండదు. చేతి పారలతో నేల తవ్వి పంట వేయడం వాళ్లకు తెలుసు. ఎప్పుడూ దున్నని ప్రెయిరీ గడ్డినేల పారకు లొంగేది కాదు. ఆ గడ్డి వేర్లు చాపలా అల్లుకుపోయి ఉంటాయి, దాన్ని విరగ్గొట్టడానికి పెద్ద నాగలి, నాలుగైదు జతల ఎడ్లు కావాలి. అవి కొనే స్తోమత అప్పుడు లేదు. మగవాళ్లు దగ్గరి సీసం గనుల్లోనూ, అమెరికన్ రైతుల దగ్గరా కూలికి వెళ్లారు. న్యాయమూర్తి డ్యూర్స్ట్ పని ముగించి స్విట్జర్లాండ్ తిరిగి వెళ్లిపోయాడు. స్ట్రైఫ్ ఆ ఊళ్లోనే ఉండిపోయాడు.

1846లో ఒహాయో నుంచి పశువుల వ్యాపారులు మందను తోలుకొచ్చారు. గ్లారస్ నుంచి వచ్చిన సాయంతో ఇంటికో ఆవు కొన్నారు. ఊరి పాడి చరిత్ర ఆ రోజే మొదలైందని చాలామంది రాస్తారు. పిల్లలకు పాలు, ఇంట్లోకి వెన్న దొరికాయి, అది చిన్న విషయమేం కాదు. అమ్ముకోవడానికి మాత్రం వాళ్లు పండించింది గోధుమ. చుట్టుపక్కల అందరూ అదే పండించేవారు. 1860 నాటికి గోధుమ దిగుబడిలో విస్కాన్సిన్ దేశంలో రెండో స్థానంలో ఉంది. అమెరికా అంతర్యుద్ధం (1861–65) రోజుల్లో ధర బాగా పెరగడంతో రైతులు ఉన్న నేలంతా గోధుమే వేశారు. అలా పదిహేను, ఇరవై ఏళ్లు ఒకే పంట వేసేసరికి నేల సారం పోయింది. చించ్ అనే రసం పీల్చే పురుగు పొలాలకు పొలాలు ఎండబెట్టేసింది. అదే సమయంలో మిన్నెసోటా, డకోటాల్లో కొత్త నేల సాగులోకి వచ్చి, రైలు ఎక్కి చవక గోధుమ మార్కెట్‌కి వచ్చింది. పత్తి ఒక్కదాన్నే నమ్ముకుని పురుగుకూ ధరకూ బలైన మన రైతులను చూసినవాళ్లకు ఈ వరస కొత్తగా ఉండదు.

20 ఎకరాల లెక్క కూడా అప్పటికి తేడా కొట్టింది. గ్లారస్‌లో 20 ఎకరాలంటే భాగ్యం. అమెరికాలో రైతు మామూలుగా చూసేది 160 ఎకరాల కొలత. నిలదొక్కుకున్నవాళ్లు చుట్టుపక్కల భూమి కొనుక్కుంటూ పోయారు, కుదరనివాళ్లు పడమరకు వెళ్లిపోయారు. స్విట్జర్లాండ్ నుంచి బంధువులు, ఊరివాళ్లు వస్తూనే ఉన్నారు. ఇలా కాగితం మీద గీసిన రెండు సెక్షన్ల కాలనీ దాని గీతలు దాటి గ్రీన్ కౌంటీ అంతా పాకింది. ఒప్పందం ఊరికి పునాది వేసింది గానీ దాన్ని పెంచలేదు. పెంచింది పాలు.

పాలతో ఒక చిక్కుంది. మంచుగడ్డలు, చల్లబరిచే యంత్రాలు లేని రోజుల్లో ఉదయం పితికిన పాలు ఎండాకాలం మధ్యాహ్నానికే పులవడం మొదలవుతుంది. గుర్రబ్బండి, బురద దారి, ఇంటి దగ్గర చాకిరీ, ఇవన్నీ కలుపుకుంటే పాలు వెళ్లగలిగేది రెండు మూడు మైళ్లు. మ్యాడిసన్ నగరం ఇరవై అయిదు మైళ్ల అవతల. షికాగో ఇంకా చాలా దూరం. పాలు వెళ్లలేవు, చీజ్ వెళ్లగలదు. పది పన్నెండు కిలోల పాలు ఒక కిలో చీజ్ అవుతాయి, అది నెలల తరబడి నిలవుంటుంది. (చీజ్‌ని తెలుగులో జున్ను అని రాయడం వాడుకలో ఉంది. మనం ఈనిన ఆవు ముర్రుపాలతో చేసుకునే జున్నుకూ దీనికీ సంబంధం లేదు. దూడ పొట్ట నుంచి తీసిన రెన్నెట్‌తో పాలను గడ్డకట్టించి, నీరు తీసేసి, మాగబెట్టేదే చీజ్.) న్యూ గ్లారస్ ఎందుకు అలా పెరిగిందన్న ప్రశ్నకు జవాబు స్విస్ రక్తంలో వెతికేవాళ్లు చాలామంది. ఆ రెండు మూడు మైళ్ల దూరంలో వెతికితే ఎక్కువ దొరుకుతుంది.

నేల కూడా కలిసొచ్చింది. విస్కాన్సిన్‌లో చాలా భాగాన్ని మంచుయుగంలో హిమానీనదాలు చదును చేశాయి. నైరుతి మూల మాత్రం వాటికి అందలేదు. న్యూ గ్లారస్ ఆ మూల అంచున ఉంది. గట్లు, మలుపుల లోయలు, కొండ పాదాల దగ్గర చల్లటి ఊటలు. దున్నితే మట్టి కొట్టుకుపోయే వాలు నేల మేతకు బాగా పనికొస్తుంది. ఊట నీళ్లలో పాల క్యాన్లు పెడితే రాత్రంతా చల్లగా ఉంటాయి.

1868లో న్యూయార్క్ నుంచి వచ్చిన నికలాస్ గెర్బర్ అనే చీజ్ తయారీదారు న్యూ గ్లారస్ దగ్గర లింబర్గర్ ఫ్యాక్టరీ పెట్టాడు. లింబర్గర్ అంటే మెత్తగా, చిన్న ఇటుకల్లా ఉండే చీజ్. దాని వాసన ఘాటు ఎంతో చెప్పక్కర్లేదు, తిననివాళ్లు ఆ గదిలో నిలబడలేరు. మొదట స్విస్ పేరుతో ప్రపంచమంతా ఎరిగిన పెద్ద చక్రం లాంటి ఎమెంటాల్ కాకుండా, బెల్జియం వైపు పుట్టిన లింబర్గర్ ఎందుకు మొదలైందన్నది ఆలోచించాల్సిన సంగతి. 90 కిలోల ఎమెంటాల్ చక్రం ఒకటి రావాలంటే ఒక్కసారే వెయ్యి లీటర్లకు పైగా పాలు కాగులో పోయాలి. అప్పటి ఆవులు ఇచ్చే పాలతో లెక్కేస్తే వంద ఆవుల పైమాటే. రాగి కాగు ఖరీదు, మాగబెట్టడానికి పెద్ద నేలమాళిగ, నెలల తరబడి చేతికి రాని డబ్బు, ఇవన్నీ ఉన్నాయి. లింబర్గర్‌కు కొద్ది పాలు చాలు, కొద్ది వారాల్లో అమ్ముడవుతుంది. పైగా అమెరికా నగరాల్లో స్థిరపడ్డ జర్మన్లు దాన్ని ఇష్టంగా కొనేవారు. మందలు పెరిగాకే ఎమెంటాల్ వచ్చింది. పెట్టుబడి, మంద ఎంతుంటే అంతకు తగ్గ చీజ్ అన్నమాట.

ఇక అక్కడి నుంచి ఫ్యాక్టరీలు పుట్టగొడుగుల్లా లేచాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గ్రీన్ కౌంటీలో 200కు పైగా చీజ్ ఫ్యాక్టరీలు ఉండేవి. కౌంటీ విస్తీర్ణం 580 చదరపు మైళ్ల పైచిలుకు. అంటే ఫ్యాక్టరీకి మూడు చదరపు మైళ్లు కూడా రావు, రెండు మైళ్లు నడిస్తే ఇంకో ఫ్యాక్టరీ కనిపిస్తుంది. ఇది పోటీ వల్ల వచ్చిన గుంపు కాదు, పాలు పులిసే వేగం కొలిచి ఇచ్చిన దూరం. ఫ్యాక్టరీ అంటే పెద్ద భవనం కూడా కాదు. నాలుగు రోడ్ల కూడలిలో ఒక ఇల్లు, కింద కాగు, దాని కింద నేలమాళిగ, పైన చీజ్ చేసే మనిషి కుటుంబం కాపురం. చుట్టుపక్కల పదీ పదిహేను మంది రైతులు కలిసి ఆ ఇల్లు కట్టి, పనివాడిని పెట్టుకుని, వచ్చిన సొమ్ములో అతనికి వాటా ఇచ్చేవారు. ఎమెంటాల్‌కు పాలు తాజాగా ఉండాలి కాబట్టి ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి తెచ్చి పోసేవారు. తిరుగు ప్రయాణంలో అవే క్యాన్లలో విరుగుడు తేట పోసుకుని వెళ్లి పందులకు పెట్టేవారు. ఏదీ వృథా పోయేది కాదు.

పదిమంది పాలు ఒకే కాగులో కలిసినప్పుడు తగాదా తప్పదు. నీళ్లు కలిపిందెవరు, మీగడ తీసి తెచ్చిందెవరు? మ్యాడిసన్‌లోని విస్కాన్సిన్ యూనివర్సిటీలో పనిచేసిన స్టీఫెన్ బాబ్‌కాక్ 1890లో పాలలో వెన్న శాతాన్ని రైతు కళ్లముందే తేల్చే చిన్న పరీక్ష కనిపెట్టి, పేటెంట్ తీసుకోకుండా అందరికీ వదిలేశాడు. మన పాలకేంద్రాల్లో పరీక్ష వేరే పద్ధతిది గానీ, లీటర్లతో పాటు వెన్న శాతం చూసి డబ్బు లెక్కకట్టే ఆలోచన అదే. పాడి సంఘాలు నిలబడటానికి రాగి కాగు ఎంత అవసరమో ఈ నమ్మకం కుదరడం కూడా అంతే అవసరం. 1910 నాటికి విస్కాన్సిన్ చీజ్ తయారీలో న్యూయార్క్‌ను దాటేసింది.

గమనించాల్సింది ఇంకోటి ఉంది. చీజ్ వల్ల బాగుపడింది పల్లెటూళ్లు, కూడళ్లు, పొలాల మధ్య ఇళ్లు. పని అంతా అక్కడే ఉంది కాబట్టి జనం అక్కడే ఉన్నారు. న్యూ గ్లారస్ ఊరు మాత్రం చర్చి, కొట్టు, కమ్మరి, బ్యాంకు ఉన్న చిన్న కేంద్రంగానే మిగిలింది. 1887లో బ్రాడ్‌హెడ్ నుంచి రైలు వచ్చింది. షుగర్ నది లోయ వెంట ఆల్బనీ, మాంటిసెల్లో మీదుగా వచ్చి ఊళ్లోనే ఆగిపోయే కొమ్మ లైను అది, ముందుకు వెళ్లేది కాదు. చీజ్ పెట్టెలు నగరాలకు వెళ్లడానికి అది చాలు. దారి అక్కడే ఆగిపోవడం వల్ల ఊరి మీదుగా ఎక్కడికో వెళ్లే జనం ఉండేవారు కాదు. గ్లారస్ యాస జర్మన్ మూడు తరాలు, నాలుగు తరాల పాటు ఇళ్లలో నిలవడానికి, ఆ యాసను రికార్డు చేయడానికి ఇరవయ్యో శతాబ్దంలో భాషాశాస్త్రజ్ఞులు ఆ ఊరు రావడానికి చర్చి ఒక కారణమైతే, ఈ కొమ్మ లైను ఇంకో కారణం అనుకోవచ్చు. 1901లో ఊరు సొంత పాలకవర్గం ఉన్న 'విలేజ్' అయింది. విస్కాన్సిన్‌లో విలేజ్ అంటే పల్లెటూరు అనే మామూలు మాట కాదు, చట్టం ఇచ్చిన హోదా. చుట్టూ ఉన్న పొలాల ప్రాంతం 'టౌన్ ఆఫ్ న్యూ గ్లారస్' పేరుతో విడిగా ఉంటుంది. మన చెవికి పేర్లు తలకిందులుగా వినిపిస్తాయి.

ఊరిని ఊరుగా పెంచింది డబ్బా పాలు. ఇల్లినాయిలోని హైలాండ్‌లో స్విస్ వలసదారులు 1885లో పెట్టిన హెల్వీషియా మిల్క్ కండెన్సింగ్ కంపెనీ, తర్వాత పెట్ మిల్క్ అని పేరు మార్చుకున్నది, 1910లో న్యూ గ్లారస్‌లో ప్లాంటు తెరిచింది. పాలను చిక్కబరిచి డబ్బాలో మూసేస్తే ఇక దూరం సమస్యే కాదు. రైతుకు నెలనెలా చెక్కు వస్తుంది. ఊళ్లో కూలీలకు ఏడాది పొడుగునా పని దొరుకుతుంది. కూడలి ఫ్యాక్టరీలకు పాలు పోసే రైతుల్లో కొందరు ఇటు మళ్లారు. ఆ తర్వాత లారీలు, తారురోడ్లు, పొలం దగ్గరే పాలు చల్లబరిచే ట్యాంకులు వచ్చాయి. రెండు మూడు మైళ్ల హద్దు ముప్పై, నలభై మైళ్లయింది. అప్పుడు కూడలి ఫ్యాక్టరీల అవసరమే లేకుండా పోయింది. రెండు వందల చోట్ల వెలిగిన పొయ్యిలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. వాటిలో చాలా ఇళ్లు ఇప్పుడు మామూలు కాపురాలు. ఏ హద్దు వల్ల ఆ ఇళ్లు పుట్టాయో ఆ హద్దు పోగానే అవీ పోయాయి.

అదే తర్కం ఊళ్లోని ప్లాంటునూ వదల్లేదు. ఇళ్లలోకి ఫ్రిజ్‌లు వచ్చాక డబ్బా పాలకు గిరాకీ పడిపోయింది. 1962లో పెట్ మిల్క్ ప్లాంటు మూసేశారు. యాభై రెండేళ్లు ఊరంతటికీ ఆధారంగా ఉన్న పని ఒక్కసారిగా ఆగింది. మిడ్‌వెస్ట్‌లో ఇలా ఒకే ప్లాంటు మీద నిలబడ్డ ఊళ్లు దాని మూతతో పాటే ఖాళీ అవడం మామూలు విషయం.

న్యూ గ్లారస్ ఖాళీ కాలేదు. 1938 నుంచే ఆ ఊళ్లో సెప్టెంబరు మొదట్లో వచ్చే లేబర్ డే సెలవుల్లో స్విస్ జానపద వీరుడు విల్హెల్మ్ టెల్ కథను ఆరుబయట నాటకంగా వేసేవారు. ఎడ్విన్ బార్లో అనే ఆయన మొదలుపెట్టించాడు. పాత్రధారులు ఊరివాళ్లే. ఆవులు, మేకలు కూడా ఊరివే. అప్పట్లో అది తమకోసం తాము చేసుకున్న పండగ. ప్లాంటు మూతపడ్డాక మాత్రం వ్యాపారులు ఈ స్విస్‌తనాన్ని బతుకుతెరువుగా చూడటం మొదలుపెట్టారు. దుకాణాల ముందుభాగాలు చెక్క బాల్కనీలతో, చెక్కిన అంచులతో, కిటికీల్లో ఎర్రపూల కుండీలతో మారాయి. 1965లో స్విస్ కొండల పిల్లగా పిల్లల నవలలో పేరుపడ్డ హైడీ పేరుతో ఇంకో ఉత్సవం మొదలైంది. ఇప్పుడు వ్యాపార వీధిలో కట్టే భవనాలు స్విస్ వాస్తుశైలిలోనే ఉండాలని ఊరి నిబంధన.

ఆ చెక్క ఇళ్ల నమూనాలో ఎక్కువ భాగం బెర్న్ ప్రాంతపు కొండలది, గ్లారస్‌ది కాదు. 1845లో వచ్చినవాళ్లు వదిలి వచ్చిన ఇళ్లు అలా ఉండేవి కావు. ఇది చూసి ఇదంతా వేషం అని తీసిపారేసేవాళ్లు ఉన్నారు. ఆ మాట న్యాయంగా అనిపించదు. చర్చి అదే, ఇంటిపేర్లు అవే, యాస నిన్నమొన్నటి దాకా ఇళ్లలో ఉంది. ఉన్న జ్ఞాపకానికి బయటివాళ్లు గుర్తుపట్టే బట్టలు తొడిగారు. అయితే దీనివల్ల ఒక నష్టం జరిగింది. బొమ్మలో ఆవులు, కొండలు మిగిలాయి గానీ మగ్గం, అద్దకం బల్ల, చీటీలు వేసి పంచుకున్న 20 ఎకరాలు, పారతో గడ్డినేల తవ్విన మొదటి ఏడాది, గోధుమ పోయిన ఏళ్లు పక్కకు పోయాయి. పట్టణం అంచున ఉన్న స్విస్ హిస్టారికల్ విలేజ్ మ్యూజియంలో పాత గుడిసె, చీజ్ ఫ్యాక్టరీ, కమ్మరి కొలిమి చూస్తే ఆ లోటు కొంత తీరుతుంది.

1970ల మొదట్లో రైలు ఆగిపోయింది. పట్టాలు తీసేసిన దారిని బ్రాడ్‌హెడ్ దాకా దాదాపు 24 మైళ్ల సైకిల్ బాటగా మార్చారు. పాత రైల్వేస్టేషన్ ఇప్పుడు ఆ బాటకు ఆఫీసు. 1993లో మొదలైన న్యూ గ్లారస్ బ్రూయింగ్ కంపెనీ తన బీరును విస్కాన్సిన్ దాటి అమ్మదు. తాగాలంటే అక్కడికే రావాలి. సరుకు ఎంత దూరం వెళ్తుందన్న పాత ప్రశ్నకు ఇది సరిగ్గా తిరగేసిన జవాబు. మ్యాడిసన్‌లో ఉద్యోగం చేస్తూ ఈ ఊళ్లో ఇల్లు కట్టుకునేవాళ్లు పెరిగారు. ఒకప్పుడు పాలు దాటలేని ఇరవై అయిదు మైళ్లు ఇప్పుడు కారులో అరగంట పైమాట. 2010లో 2,172గా ఉన్న జనాభా 2020 లెక్కల్లో 2,266 అయింది.

ఊరు నెమ్మదిగా పెరుగుతోంది గానీ చుట్టూ పాడి రైతులు తగ్గిపోతున్నారు. 2004లో విస్కాన్సిన్ మొత్తం మీద 15 వేలకు పైగా పాడి క్షేత్రాలుండేవి. ఇరవై ఏళ్లు గడిచేసరికి ఆరు వేలు కూడా లేవు. ఆవులు అంతగా తగ్గలేదు, అవి తక్కువ చోట్ల పెద్ద మందలుగా చేరాయి. గ్రీన్ కౌంటీలో రెండు వందలకు పైగా ఉన్న చీజ్ ఫ్యాక్టరీల్లో ఇప్పుడు మిగిలినవి పదీ పన్నెండు. న్యూ గ్లారస్ దగ్గర 1868లో మొదలైన లింబర్గర్‌ను అమెరికా మొత్తంలో తయారుచేసే ఫ్యాక్టరీ చాలా ఏళ్లుగా ఒక్కటే ఉంది. అది పక్కనే, మన్రో ఊరి శివార్లలో.